ఉట్టిలో ఫోను

కొత్తగెడ్డలో ఉట్టి ఉన్న ఇళ్లు ఇప్పుడు వేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే. వాటన్నింటిలోనూ పెరుగు కుండలు వ్రేలాడుతాయి. బేబీ నర్సమ్మ ఇంటి ఉట్టిలో మాత్రం ఫోను వ్రేలాడుతుంది. వీధి వసారాలో ఎడమచేతి చివర, దూలానికి వేసిన కొక్కెం నుండి దిగిన ఉట్టి అది. అందులో ఒక నల్లని బొత్తాముల ఫోను. దానికి వానజల్లు తగలకుండా బెల్లం పొట్లం తాలూకు ప్లాస్టిక్ సంచి. సంచికంటిన బెల్లపు జిడ్డుకు చీమలు పట్టాయి. ఫోను మోగినప్పుడల్లా నర్సమ్మ ముక్కాలిపీట వేసుకొని, దానిపైకెక్కి, చీమలు దులిపి, సంచి మీదనుండే బొత్తాము నొక్కి, మెడ సాచి మాట్లాడుతుంది. చెవి దగ్గరకు తెచ్చుకొందామని జానెడు కిందికి దించితే చాలు, తెర మీది గీతలన్నీ మాయమై మాట తెగిపోతుంది.

కొత్తగెడ్డ పాతపట్నానికి ఎగువన, కొండ మొదట ఉన్న ఊరు. కొండకు ఆవల ఒడిశా. ఆ సరిహద్దు సరిగ్గా ఎక్కడున్నదో మనుషులకు పటం చూస్తే గాని తెలియదు. ఫోనుకు మాత్రం క్షుణ్ణంగా తెలుసు. నర్సమ్మ ఫోను పట్టుకొని వంటింటి గడప దాటగానే ఒడిశాకు స్వాగతమని సందేశం వచ్చి పడుతుంది. పొయ్యి మీది చారు దించి నడింట్లోకి వస్తే సొంత రాష్ట్రానికి మరల స్వాగతం. ఒక్క పూట వంటలో ఆమె ఏడెనిమిది మార్లు రాష్ట్రాలు మారేది. పరాయి రాష్ట్రంలో ఉన్నంతసేపూ వచ్చిన పిలుపుకు కూడా రుసుము తెగుతుంది. ఫోనులో నిలవ లేకపోతే పిలుపే రాదు. తన వంటింట్లో, తన పొయ్యి ముందర, తాను పరదేశినైపోవడం ఆమెకు మహా రోత పుట్టించేది.

అంతకంటె రోత మరొకటి ఉన్నది. ఉట్టిలో ఉన్న ఫోనులో మాట్లాడాలంటే స్పీకరు పెట్టక తప్పదు. ఏ ఇల్లాలో తెల్లబట్ట అవుతున్నదని చెప్పుకొంటే, ఏ కొత్త కోడలో నెల తప్పినట్టున్నదని గొణిగితే, ఆ మాట వీధి కొసన పేకాడుకొంటున్న మగవాళ్ల దాకా పోతుంది. ఇరవై నాలుగేళ్ల ఉద్యోగంలో ఒక ఇంటి గుట్టు మరొక ఇంట చెప్పని మనిషి ఆమె. ఆ నోటికి ఇప్పుడు ఈ చీమల సంచి దండోరా అయి కూర్చున్నది. పేకాటలో నవ్వు వినబడినప్పుడల్లా ఆమెకు ఆ ఫోనును తీసికొనిపోయి గెడ్డలో విసరివేయాలనిపించేది. గెడ్డ అంటే ఊరి పక్కన పారే కొండవాగు.

బేబీ చీపురుపల్లిలో పుట్టింది. తండ్రి రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసేవాడు. బాప్టిస్టు సంఘంలో నమ్మకమైన సభ్యుడు. తొలి సంతానాన్ని ముద్దుగా బేబీ అని పిలిచి, బడిలో వేసేనాడు వేరే పేరు తోచక ఆ పేరే వ్రాయించాడు. పట్టాల పక్క ఇల్లు గనుక, పోయే గూడ్సు బండికి ఎన్ని పెట్టెలున్నాయో లెక్కించడమే ఆమెకు చిన్ననాటి ఆట. యాభై ఎనిమిదో పెట్టె దగ్గర తమ్ముడు తడబడేవాడు. ఆమె ఏనాడూ తడబడలేదు. తరువాత నర్సు శిక్షణలో చేరినప్పుడు ఆ అలవాటే అక్కరకు వచ్చింది. తల్లి కడుపు మీద అల్యూమినియం బాకా ఆనించి, చెవి చేర్చి, లోపలి పసిగుండె ఎన్నిమార్లు కొట్టుకొన్నదో ఆమె లెక్కిస్తే, పెద్ద డాక్టరమ్మ మరల లెక్కించేది కాదు. కండ, నీరు, చర్మం దాటి అంత సన్నని సడి వినగలిగిన చెవికి, పాతపట్నం నుండి మాట్లాడే మనిషి గొంతు వినబడకపోవడమేమిటని ఆమె ప్రశ్న.

ఆ యేడు, అంటే రెండువేల పదిహేనులో, ఆషాఢ మాసం మొదట ఆమెకు మెమో వచ్చింది. పై డాక్టరు మూడుమార్లు ఫోను చేయగా మూడుమార్లూ ఆమె ‘కవరేజి ఏరియా’ బయట ఉన్నదట. విధులలో నిర్లక్ష్యానికి సంజాయిషీ చెప్పవలెనట. ఆ మూడుమార్లూ ఆమె వంటింట్లోనే ఉన్నది. పిలిచినవారికి ఆ సంగతి చెప్పిన గొంతు ఎవరిదో గాని, బేబీకి ఆ గొంతంటే ఒళ్లుమంట. మూడు భాషలలో, చక్కెర పాకం పట్టినట్లు, సిగ్గూ బిడియమూ లేకుండా అబద్ధమాడే ఆడమనిషి అది. ఇంట్లో ఉన్న ఇల్లాలిని ఊరిలోనే లేదంటుంది.

ఆ అబద్ధం ఊరందరికీ అంటుకొన్నది. పక్క వీధిలో కూర్చొని పలాసలో ఉన్నానంటాడొకడు. టీకాల రోజున బిడ్డను తీసికొని రమ్మంటే రాక, మర్నాడు ఎదురుపడితే, సిగ్నలు నేదమ్మా అంటుంది ఒక తల్లి. ఫోను మోగుతుండగా చూసి, నోరు నొక్కి, సిగ్నలు మీదికి నెట్టివేయడం కొత్తగెడ్డలో అన్నం తిన్నంత తేలికైపోయింది. ఆ రెండు మాటలు వింటే చాలు, నర్సమ్మ మొగం చేదు నమిలినట్లయ్యేది. ఇంట్లో ఆ మాట ఎవరూ అనరాదని ఆమె శాసనం.

ఇంట్లో ఉన్నది ఎవరు గనుక? భర్త సత్యరాజు ఒక్కడే. ముప్ఫై యేళ్లు పాతపట్నం బజారులో రేడియోలు బాగుచేసినవాడు. రేడియోలు అటకెక్కాయి, ఆయన ఇంట కూర్చున్నాడు. చేతికి పని లేక చచ్చుబడిపోతున్న మనిషికి మెమో వచ్చిన మరునాడే ప్రాణం లేచివచ్చింది. ఉట్టి చోటు కనిపెట్టిన ఘనత ఆయనదే. శాఖవారిచ్చిన సిమ్ము కాక మరి రెండు కంపెనీల సిమ్ములు తెచ్చి, సుద్దముక్క జేబులో వేసుకొని, ఏ సిమ్ము ఏ గదిలో ఎన్ని గీతలు చూపుతున్నదో గోడల మీద వ్రాయసాగాడు. సిమ్ములకు పేర్లు కూడా పెట్టాడు: మత్తయి, మార్కు, లూకా. వార్త మోసుకొచ్చేవాళ్లు కదా అని ఆయన సమర్థన. దైవజనుల పేర్లు తీసికొనిపోయి ఆ గోరంత ముక్కలకు తగిలించడం చూసి ఆమె మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

గీతలు కొలిస్తే చాలదు, మాట నాణ్యం కూడా కొలవాలన్నాడు ఆయన. దానికి ఆయన పద్ధతి చిత్రమైనది. పెరట్లో నూతి దగ్గర నిలబడి ఒక ఫోనులో రైలు స్టేషన్ల పేర్లు వరుసగా చదువుతాడు: పలాస, పూండి, నౌపడా, కోటబొమ్మాళి, తిలారు, ఊర్లాం, ఆమదాలవలస, దూసి, పొందూరు, సిగడాం, చీపురుపల్లి. వసారాలో ఆమె ఏ స్టేషను దాకా స్పష్టంగా వింటే ఆ సిమ్ముకు అంత మార్కు. పెళ్లయిన కొత్తలో ఆమె పుట్టింటి మీద బెంగపెట్టుకొన్నప్పుడు ఆయన ఈ స్టేషన్లే వల్లించి, చివర చీపురుపల్లి రాగానే దిగు అని నవ్వించేవాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తే. ఇప్పుడు మత్తయి కోటబొమ్మాళి దాటడు. మార్కు తిలారు దగ్గర గరగరమని ఆగిపోతాడు. లూకా ఒకనాడు పొందూరు దాకా వచ్చి, ఆశ పెట్టి, పడిపోయాడు. చీపురుపల్లికి ఏ రైలూ చేరలేదు.

“ఉట్టికెగరలేనమ్మ సొర్గానికెగిరిందని, మన ఇంటి నూతి కాణ్ణించి వసారాకి మాట రాదు గానీ, పెపంచకమంతా అరసేతిలో ఉందంతన్నారు,” అన్నది ఆమె, చీమలు దులుపుకొంటూ.

ఇదంతా వేడుక అయితే ఆమె ఓర్చుకొని ఉండేది. వేడుక కానిది కొండ మీద ఉన్నది.

గెడ్డకు ఆవల, రెండు మైళ్లు ఎక్కితే రాయిగూడ. పదహారు గడపల పల్లె. అక్కడ జగ్గమ్మ కోడలు గురమ్మకు నెలలు నిండాయి. మూడేళ్ల కిందట తొలికాన్పు ఇంట్లోనే జరిగి, మాయ పడిన తరువాత నెత్తురు ఆగలేదు. కబురందుకొని బేబీ చేరేసరికి గోనె మీద గోనె తడిసి, మనిషి తెల్లకాగితమై ఉన్నది. ఆనాడు ఆ పిల్ల బ్రతకడం దేవుని కృపే గాని తన ప్రజ్ఞ కాదని బేబీకి తెలుసు. రెండవ కాన్పు పాతపట్నం ఆసుపత్రిలోనే జరగాలని, నొప్పులు మొదలవగానే దింపుకొని రావాలని, అత్త చేత మాట తీసికొన్నది. తాను గెడ్డ దగ్గర ఎదురుపడి, ఆటోలో ఎక్కించి, వెంట ఉంటానని తానూ మాట ఇచ్చింది.

రాయిగూడ నుండి ఫోను పలకాలంటే పల్లె వెనుక బండ ఎక్కాలి. ఎక్కినా గొంతు రాదు. రేగిన కందిరీగల తుట్టె వలె రొద మాత్రమే వస్తుంది. అంబులెన్సు నంబరు నొక్కితే ఆ టవరు ఆవలి రాష్ట్రానిది గనుక ఒడియాలో పలుకుతారు. అందుచేత జగ్గమ్మా బేబీ కలసి ఒక కట్టడి చేసికొన్నారు. ఆ కొండ పల్లెలన్నీ అప్పటికే మాటలు మాని మిస్డు కాల్సు మీద బ్రతకడం నేర్చాయి. ఒకటి వచ్చి ఆగితే, అంతా క్షేమం. వెంటవెంటనే రెండు వస్తే, నొప్పులు. రెండు వచ్చిన వెంటనే బేబీ తిరిగి ఒకటి ఇవ్వాలి. అంటే, నేను బయలుదేరాను, మీరూ దిగండి అని. మాట ప్రమేయం లేని మాట అది. ఏ సిమ్ము చచ్చినా మోత మాత్రం చేరుతుంది కదా అని బేబీ ధైర్యపడింది. తన అసహ్యమంతటిలో ఆ ఫోను మీద ఆమె ఉంచిన నమ్మకం ఆ రెండు మోతలే.

శ్రావణం వచ్చింది. ఒక ఆదివారం, ఆరాధన ముగించుకొని ఇల్లు చేరేసరికి ధర్మేంద్ర అరుగు మీద కూర్చొని ఉన్నాడు. పాతపట్నంలో సెల్లు దుకాణం పెట్టుకొన్న నడివయసు మనిషి. చొక్కా జేబు నిండా సిమ్ములు, నోటి నిండా కిళ్లీ. మాట మాటకూ ఎర్రని తుంపర. ఆ తుంపర పడిన వేళ్లతోనే కొత్త సిమ్ము చిదిమి సత్యరాజు ఫోనులో వేశాడు.

“ఇదిగ సూడు రేడియో మావా, అయిదు గీతలు. నిండుసూలాలునాగ ఎలా ఉన్నాదో సూడు. అత్తా, ఇంక నీ ఉట్టి పీకీయొచ్చు,” అన్నాడు.

బేబీ అతడు లేచిన తరువాత అరుగు మీద నీళ్లు పోసి కడిగింది. సత్యరాజు ఆ కొత్త ముక్కకు యోహాను అని పేరు పెట్టి, భోజనమయ్యీ కాక మునుపే పరీక్షకు ఉపక్రమించాడు. కొత్త సిమ్ముతో ఇంటిలోని ఒక్కొక్క చోటు నుండి ఉట్టిలోని ఫోనుకు ఒక్కొక్క మిస్డు కాల్ ఇస్తాడట. ఆమె వసారాలో కూర్చొని మోగినప్పుడల్లా, వచ్చింది అని కేక వేయాలట. పిలుపు ఎత్తరాదు.

ఆమె బుధవారపు టీకా కార్డులు ముందేసుకొని కూర్చున్నది. ఫోను మోగింది. వచ్చింది అన్నది. మరల మోగింది, వచ్చింది. పీట ఎక్కి, సంచి విప్పి, పిలిచినదెవరో చూడవలసిన పని లేదు కదా. పిలిచే మనిషి లోపల గదులలో తిరుగుతున్నాడు. కాసేపటికి వెంటవెంటనే రెండు మోతలు మోగాయి. వెధవ ఆట, ఒకే చోట రెండుసార్లు చూస్తున్నాడు కాబోలు అనుకొని, తల ఎత్తకుండానే, వచ్చింది, వచ్చింది అని రెండూ ఒక్కసారే, పెరటి దాకా పోని గొంతుతో అనేసింది. గొంతులో విసుగు ఆమెకే వినబడింది. మోత మీద మోత, పుండు మీద ఈగలాగ. ఎప్పటికి ముగుస్తుందా అని లెక్కపెడుతూ కార్డుల మీద తారీకులు వేసింది.

మూడు దాటిన తరువాత సత్యరాజు సుద్ద చేతితో, మొగమంతా వెలిగించుకొని వచ్చాడు. ఆరుకు ఆరూ చేరాయన్నాడు. వీధిగది ఒక్కటే మొండికేసింది. అక్కడ ఏ సిమ్ముకూ గీత లేదు, కాబట్టి దాని గోడ మీద నాలుగు సున్నాలు వేశాడు. గడప మీద నిలబడితే మాత్రం యోహాను అక్కడి నుండి కూడా మోగించాడు.

“ఆరు కాదు, ఎనిమిది,” అన్నది బేబీ.

ఆయన ఆరు చోట్లూ వేళ్లు మడచి చెప్పాడు. ఆమె ఎనిమిదే అన్నది. ఆయనకు కోపం వచ్చింది.

“నానిచ్చినవి ఆరే బేబీ. ఇచ్చినోణ్ణి నానా, నువ్వా?”

“లెక్కెట్టినదాన్ని నేను. మీరెన్నిచ్చారో నాకు తెలీదు. మోగినవి ఎనిమిది.”

అంటూనే ఆమె కార్డులు నేల మీద పెట్టి లేచింది. యాభై ఎనిమిది పెట్టెల గూడ్సులో పెట్టె తప్పని మనిషి. ఎనిమిదిలో ఆరు పోతే రెండు. అవి వెంటవెంటనే మోగిన రెండు.

పీట ఎక్కడం ఎక్కడమే సంచి చించేసింది. చీమలు మోచేతి దాకా ప్రాకాయి. తెర మీద కొత్త నంబరు వరుసల నడుమ, పురుగు పట్టిన పప్పులో మంచి గింజల వలె, జగ్గమ్మ ఇంటి నంబరు రెండుమార్లు ఉన్నది. రెండు గంటల పది నిమిషాలు. ఇప్పుడు మూడుంబావు.

తిరిగి పిలిచింది. నాలుగు గీతలు నిండుగా ఉన్నాయి. అవతల ఎవరో ఎత్తారు. “ఏటి... అమ్మా... మరి... నొప్...” అని గరగరమని తెగిపోయింది. మరల నొక్కితే చక్కెర పాకపు గొంతు వచ్చి, వారు అందుబాటులో లేరని మూడు భాషలలో చెప్పింది. బేబీ ఫోనును ఉట్టిలో పడేసి, కాన్పుల సంచి తీసికొని, వీధిలోకి పరుగెత్తింది. ఆ గీతలనూ ఆ గొంతునూ తిట్టడానికి నోరు రాలేదు. ఆ క్షణంలో ఆమెకు పుట్టిన ఏవగింపు వాటి మీద కాదు.

వీధి కొసన ఎర్రన్న ఆటో ఉన్నది. అందులో గెడ్డ దాకా. సత్యరాజు వెనుకనే ఎక్కి కూర్చున్నాడు. కూర్చోమని ఆమె అనలేదు, దిగమనీ అనలేదు. దారిలో రెండుమూడు మార్లు ఏదో చెప్పబోయాడు. చివరకు మెల్లగా, ఆమె చెవిలో అన్నాడు:

“సిగ్నలు నేదని సెప్పు బేబీ. నమ్ముతారు. అందరూ సెప్పేదే కదా.”

ఆమె ఆయన వైపు చూడలేదు. నమ్ముతారు, నిజమే. ఊరంతా నమ్ముతుంది, మెమో ఇచ్చిన డాక్టరు కూడా కాదనలేడు. ఆ రెండు మాటలు నాలుక చివర అమరి కూర్చోవడం ఆమెకు తెలిసింది. ఎంత హాయిగా, ఎంత చల్లగా కూర్చున్నాయో, అంత అసహ్యం వేసింది.

గెడ్డలో మోకాలి బంటి నీరు. ఆవలి గట్టున కర్రకు కట్టిన దుప్పటి డోలీలో గురమ్మను మోసుకొని ఇద్దరు మగవాళ్లు దిగుతున్నారు. ముందర జగ్గమ్మ, నెత్తిన మూట. తిరుగు మోత వస్తుందని వాళ్లు బండ మీద ముప్పావు గంట కాచుకొన్నారట. మోత రాకపోతే దిగరాదేమో, నర్సమ్మ ఊళ్లో లేదేమో అని మగవాళ్లు వెనుకాడారట. కట్టడి కట్టడే కదా. కడకు జగ్గమ్మే కర్ర భుజానికెత్తుకోబోతే సిగ్గుపడి లేచారు. ఆ ముప్పావు గంటా ఎవరిది అన్నది అప్పుడు అడిగే సమయం కాదు. బేబీ నీళ్లలోకి దిగి, డోలీని గట్టు మీద దింపించి, గురమ్మ కడుపు మీద బాకా ఆనించి చెవి చేర్చింది. గెడ్డ హోరు, మగవాళ్ల రొప్పు, ఆటో ఇంజను, అన్నీ అవతలికి పోయాయి. లోపల ఆ సన్నని సడి. ఒక్క అక్షరం పొల్లు పోకుండా, తెగకుండా, గరగర లేకుండా. నూట ముప్ఫై ఆరు.

“బేగి, ఆటో ఎక్కించండి,” అన్నది.

పాతపట్నం ఆసుపత్రిలో చేరిన పావుగంటకే కాన్పయింది. ఆడపిల్ల. భయపడినట్లే మాయ పడగానే నెత్తురు పోటెత్తింది. సూది మందు అక్కడే ఉన్నది, డాక్టరు అక్కడే ఉన్నాడు. బేబీ రెండు చేతులూ కడుపు మీద అదిమి పట్టి, వదలక, నిమిషాలు లెక్కించింది. ఇరవై రెండవ నిమిషానికి ఆగింది. ఇంకొక పావుగంట బండ మీదనే గడచి ఉంటే ఈ నెత్తురంతా గెడ్డలో కలిసేదని డాక్టరు మామూలుగా, చేతులు కడుక్కొంటూ అన్నాడు.

ఆమె బయటకు వచ్చేసరికి జగ్గమ్మ వరండాలో గోడకానుకొని చుట్ట తీసి, ఆసుపత్రి కదా అని వెలిగించకుండా వేళ్ల మధ్య నలుపుతున్నది. సత్యరాజు దూరాన బెంచీ మీద తల వంచుకొని ఉన్నాడు.

“నీ పోను మోగినాదా నేదా? అదొక్కటి సెప్పు నర్సమ్మా,” అన్నది జగ్గమ్మ.

“మోగింది. రెండుసార్లూ మోగింది. నేను దాని కిందే కూసున్నాను. సూడలేదు.”

జగ్గమ్మ నర్సమ్మ మొగంలోకే చూసింది. చుట్ట పొగాకు నలిగి నేల మీద రాలింది.

“సిగ్నలు నేదంతావనుకున్నాను,” అన్నది తుదకు. “అందరూ అదే అంతారు. నువ్వూ అంటే, ఇంక నీ మొగం సూడకూడదనుకున్నాను.” లేచి చీర కుచ్చెళ్లు దులుపుకొన్నది. “ఇంకమీదట నీకు పోను సెయ్యను. మనిసిని అంపుతాను.”

“మనిసి నడిసొచ్చేసరికి పొద్దుపోతాది జగ్గమ్మా. నెలలు నిండిన పిల్లనే అంపు. పదిరోజులు ముందే అంపు. మా ఇంట్లో ఉంటాది.”

“నీ ఇంట్లోనా? తిండో?”

“నువ్వు చోళ్లు అంపు. అంబలి నేను కాస్తాను.”

జగ్గమ్మ నవ్వలేదు గాని చుట్ట చెవి సందున దోపుకొన్నది. అది ఒప్పుకోలని అక్కడివారెవరికైనా తెలుసు.

ఇంటికి వచ్చిన తరువాత సత్యరాజు తడిగుడ్డ తీసికొని గోడల మీది సుద్ద గీతలన్నీ తుడవసాగాడు. నడిల్లు, వంటిల్లు, పెరటి గోడ. ఆమె వద్దనలేదు. వీధిగది దగ్గరకు వచ్చి నాలుగు సున్నాల ముందర గుడ్డ ఎత్తబోతే మాత్రం ఆపింది. ఆ గది ఉండనీయండి అన్నది, ఎందుకో చెప్పలేదు. మెమోకు ఆ వారంలోనే సంజాయిషీ వ్రాసి పంపింది. ఫోను పలకని మాట నిజమని, అది పలికిన ఒకనాడు తాను పలకలేదని, రెంటికీ తాను చేసిన ఏర్పాటు ఇది అని, మూడు వాక్యాలు. జవాబు రాలేదు.

భాద్రపదంలో రాయిగూడ నుండి బుల్లమ్మ అనే పిల్ల, చాప చుట్టుకొని, చోళ్ల, అంటే రాగుల, మూటతో దిగింది. తొలిచూలు. ఇల్లంతటిలో చల్లని గది వీధిగదే గనుక చాప అక్కడే పరిచారు. మత్తయి గాని, యోహాను గాని తొంగిచూడని గది. చక్కెర పాకపు గొంతు ఆ గడప దాటి రాలేదు. ఆ పిల్ల పెనిమిటి మిస్డు కాల్ ఇచ్చాడో లేదో తెలిసే వీలు లేక మొదటి పూట ఏడ్చింది. రెండవ పూటకు సత్యరాజు వల్లించే స్టేషన్ల పేర్లకు నవ్వింది. ఆమె రైలు ఎక్కి ఎరుగదు.

మూడవనాటి ఉదయం ఉట్టిలో ఫోను మోగింది. సత్యరాజు పీట ఎక్కి చూసి, పై డాక్టరు పిలుస్తున్నాడని చెప్పడానికి గది గుమ్మంలోకి వచ్చాడు. బేబీ చాప పక్కన మోకరిల్లి, బాకాకు చెవి చేర్చి ఉన్నది. ఒక వేలు ఎత్తింది. ఆయన నోరు మూసుకొన్నాడు. వసారాలో ఆ మోత మోగి, మోగి, దానంతట అదే ఆగిపోయింది.

“నూట నలభై రెండు,” అన్నది ఆమె తల ఎత్తి.

సత్యరాజు జేబులోని సుద్దముక్క తీసి, గోడ మీది నాలుగు సున్నాల కింద ఆ అంకె వేసి, డాక్టరుకు తిరిగి ఫోను చేయడానికి వసారాలోకి పోయాడు.